అడిగే మనిషికి జీతమా, వాటానా? విరాళాల సేకరణ నడిచి వచ్చిన దారి

అప్పు సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎంత తెచ్చాం, ఎన్ని వాయిదాలు, వడ్డీ ఎంత, ఎవరి కంతు ఆగింది అన్నది సంఘం మీటింగులో ఆఖరి వరసలో కూర్చునే అక్క కూడా వేళ్ల మీద లెక్కేసి చెప్తుంది. పొదుపు సంగతీ అంతే. విరాళం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన లెక్క కాస్త తడబడుతుంది. తిరిగి కట్టనక్కర్లేని డబ్బు కదా, ఎంత వస్తే అంత లాభమే కదా అనిపిస్తుంది.

సమాఖ్య ఆఫీసుకు అప్పుడప్పుడు ఒక మాట వస్తూ ఉంటుంది. "మీ తరఫున కంపెనీల దగ్గర, విదేశాల్లో ఉన్న మనవాళ్ల దగ్గర ఫండ్ తెస్తాం. మీరు ముందుగా పైసా ఇవ్వక్కర్లేదు. వచ్చినదాంట్లో నూటికి ఇంత అని మాకు ఇవ్వండి చాలు." ముందు పైసా అడగలేదు కాబట్టి మంచి బేరమే అని కొందరంటారు. అందులో ఏదో తిరకాసు ఉందని కొందరంటారు. ఈ వాదన మనతో మొదలైంది కాదు. ఇతరుల కోసం డబ్బు అడగడం ఒక వృత్తిగా మారిన చోట, అంటే అమెరికాలో, వందేళ్ల కిందటే ఈ ప్రశ్న పుట్టింది. వాళ్లు ఏం తేల్చుకున్నారో, ఎందుకు తేల్చుకున్నారో తెలుసుకుంటే మన తీర్మానం మనం రాసుకోవడం తేలిక. అందుకే ఈ ఏటి నివేదికలో ఈ కథ.

అడగడం అన్నది పాత పనే. మన ఊళ్లలో గుడి జీర్ణోద్ధారణకో, శ్రీరామనవమి పందిరికో నలుగురు పెద్దమనుషులు చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం అందరం చూసిందే. అమెరికాలో హార్వర్డ్ కాలేజీ పెట్టిన కొత్తలో, 1641లో, డబ్బు చాలక ముగ్గురు మనుషులను ఓడెక్కించి ఇంగ్లాండుకు చందాలకు పంపారు. దాతలకు చూపించడానికి ఒక చిన్న పుస్తకం కావాలని కబురు వచ్చింది. అది 1643లో లండన్‌లో అచ్చయింది. ఇప్పుడు సంస్థలు రంగురంగుల బొమ్మలతో వేసే కరపత్రాలకు అదే ముత్తవ్వ అనుకోవచ్చు. ఆ ఏడే ఆన్ రాడ్‌క్లిఫ్ అనే లండన్ వితంతువు, లేడీ మౌల్సన్ అని పిలిచేవారు, పేద విద్యార్థి చదువు కోసం నూరు పౌండ్లు ఇచ్చింది. ఆమె డబ్బిచ్చిన కాలేజీలో ఆడపిల్లలకు మాత్రం ప్రవేశం లేదు. రెండు వందల యాభై ఏళ్లు గడిచాక, 1894లో, దాని పక్కనే ఆడపిల్లల కోసం ఏర్పడిన కాలేజీకి ఆమె పేరు పెట్టారు.

ఇంటింటికీ తిరిగి వసూలు చేయడంలో ఉన్న కష్టం గురించి గాంధీగారు తన ఆత్మకథలో రాసిన ఒక సంగతి మన సంఘాల్లో ప్రతి లీడరుకీ నచ్చుతుంది. 1894లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో భారతీయుల కాంగ్రెస్ పెట్టారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. సభ్యత్వం నెలకు కనీసం ఐదు షిల్లింగులు. చేరిన వాళ్లు ఉత్సాహంగానే చేరారు గానీ, నెలనెలా వసూలు చేయబోతే తల ప్రాణం తోకకు వచ్చింది. చివరికి నెల చందా తీసేసి ఏడాదికి కనీసం మూడు పౌండ్లు అని మార్చుకున్నారు. ఒకసారి టోంగాట్ అనే ఊళ్లో ఒక వర్తకుడి ఇంటికి వెళ్లారు. ఆయన ఆరు పౌండ్లు ఇవ్వగలవాడని వీళ్ల అంచనా. ఆయన మూడు పౌండ్ల దగ్గరే ఆగాడు. తీసుకుంటే మిగతా వాళ్లూ దాన్నే చూసి తగ్గిస్తారు. రాత్రయింది, ఆకలి వేస్తోంది. అయినా భోజనానికి లేవకుండా రాత్రంతా అక్కడే కూర్చున్నారు. తెల్లవారాక ఆయన ఆరు పౌండ్లూ ఇచ్చి అందరికీ భోజనం పెట్టాడు. వాయిదా కట్టని సభ్యురాలి అరుగు మీద సంఘం అంతా కూర్చోవడం మనకు తెలియని పనా!

ఆ కథలో అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. వచ్చిన ప్రతి మొత్తానికీ రసీదు రాశారు, ప్రతి పెన్నీకీ లెక్క పెట్టారు. లెక్కలు సరిగ్గా లేని సంస్థ నిజాయితీ మీద నిలబడలేదని ఆయన నమ్మకం. వసూలుకు తిరిగిన వాళ్లెవరూ ఆ డబ్బులో వాటా తీసుకోలేదు.

ఇక వృత్తి ఎలా మొదలైందో చూద్దాం. 1905లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వైఎంసీఏ వాళ్లు ఒక భవనం కట్టాలనుకున్నారు. మన ఊళ్లలోనూ ఆ పేరు బోర్డులు కనిపిస్తాయి, యువకులకు వసతి, ఆటలు, చదువు ఏర్పాటు చేసే క్రైస్తవ సంస్థ. లైమన్ పియర్స్ అనే ఆయన చాలాకాలంగా చందాలు పోగుచేస్తున్నాడు. కొంత మొత్తం మిగిలిపోయి కదలడం లేదు. అప్పుడు అదే సంస్థలో జీతానికి పనిచేస్తున్న చార్లెస్ వార్డ్‌ను పిలిపించారు. ఆయన పద్ధతి చాలా సులువుగా కనిపిస్తుంది. ఇంత మొత్తం కావాలని ముందే చాటాలి. ఇన్ని రోజుల్లోనే అని గడువు పెట్టాలి. ఊరి మనుషులనే జట్లుగా విడదీసి, ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో పంచాలి. రోజూ ఒకచోట కూడి ఏ జట్టు ఎంత తెచ్చిందో అందరి ముందూ చెప్పాలి. వచ్చిన మొత్తాన్ని చూపించే పెద్ద గడియారం బొమ్మ ఒకటి ఊరి నడుమ పెట్టాలి. డబ్బు పెరిగే కొద్దీ ముల్లు జరుగుతుంది. పేపర్లలో రోజూ వార్త వస్తుంది. జనం పనికి వెళ్తూ వస్తూ ఆ ముల్లు చూసేవారు. ఊరి పరువు దాని మీద ఉన్నట్టయ్యేది.

వార్డ్ చేసినది ఏర్పాటు మాత్రమే. డబ్బు అడిగింది ఊరివాళ్లు, ఇచ్చింది ఊరివాళ్లు. ఆయనకు దక్కింది జీతం. ఈ మూడింటినీ గుర్తు పెట్టుకుంటే తర్వాతి కథ అర్థమవుతుంది. తర్వాత మరికొందరితో కలిసి ఆయన సొంత సంస్థ పెట్టుకున్నాడు. 1919లో జాన్ ప్రైస్ జోన్స్ అనే పత్రికా మనిషి హార్వర్డ్ కోసం పెద్ద నిధి కూడబెట్టే పని నడిపి, ఆ ఏడే తనూ ఒక సంస్థ పెట్టాడు. అలా "విరాళాలు ఎలా అడగాలో చెప్పడం" డబ్బు తీసుకుని చేసే పని అయింది.

ఈ మగవాళ్ల పేర్లే పుస్తకాల్లో ముందు వస్తాయి. నా దృష్టిలో మాత్రం వాషింగ్టన్ గడియారం కంటే రెండేళ్ల తర్వాత డెలవేర్ రాష్ట్రంలో జరిగింది గొప్పది. అక్కడ విల్మింగ్టన్ అనే ఊరి దగ్గర బ్రాండివైన్ ఏటి ఒడ్డున క్షయ రోగులకు ఒక చిన్న ఆరోగ్య కేంద్రం ఉండేది. అప్పట్లో క్షయకు మందు లేదు. గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. 1907లో ఆ కేంద్రం మూతపడే స్థితికి వచ్చింది. కావలసింది మూడు వందల డాలర్లు. అక్కడ వైద్యం చేసే డాక్టరు తన బంధువు ఎమిలీ బిసెల్‌ను అడిగాడు. ఆమె రెడ్‌క్రాస్ పనిలో ఉన్న మనిషి.

డెన్మార్క్‌లో ఐనార్ హోల్బోల్ అనే పోస్టాఫీసు గుమస్తా 1904లో చేసిన పని గురించి ఆమె ఒక పత్రికలో చదివింది. క్రిస్మస్ ఉత్తరాల మీద మామూలు స్టాంపుతో పాటు ఒక చిన్న బొమ్మ బిళ్ల అంటించడం, దాని మీద వచ్చిన డబ్బు క్షయ రోగులైన పిల్లలకు ఇవ్వడం. బిసెల్ తనే ఒక బిళ్లకు బొమ్మ గీసింది. అచ్చుకు డబ్బు లేదు. స్నేహితుల దగ్గర నలభై డాలర్లు అప్పు చేసింది. యాభై వేల బిళ్లలు వేయించింది. ఒక్కోటి ఒక సెంటు. అంటే అక్కడ చలామణిలో ఉన్న అతి చిన్న నాణెం. డిసెంబరు 7న విల్మింగ్టన్ పోస్టాఫీసులో బల్ల వేసి అమ్మకం మొదలుపెట్టారు. మొదట మెల్లగానే నడిచింది. పక్క నగరం ఫిలడెల్ఫియాలోని ఒక పత్రిక దీన్ని తన పనిగా ఎత్తుకున్నాక బిళ్లలు చాలక మళ్లీ మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. మూడు వందలు కావాల్సిన చోట మూడు వేల డాలర్లు వచ్చాయి. మరుసటి ఏడు దేశమంతా పాకింది.

ఒక చిత్రమైన సంగతి ఏమంటే, ఇంత పని చేసిన బిసెల్ ఆడవాళ్లకు ఓటు వద్దని గట్టిగా ప్రచారం చేసిన మనిషి కూడా. మనుషులు ఒక్క తీరున ఉండరు మరి.

ఆ బిళ్ల మన దాకా వచ్చింది. మన దేశంలో క్షయ నివారణ సంఘం 1950 నుంచి టీబీ సీళ్ల అమ్మకం నడుపుతోంది, ఏటా గాంధీ జయంతి నాడు మొదలవుతుంది. చిన్నప్పుడు బడిలో చిల్లర ఇచ్చి కొని పుస్తకం అట్ట మీద అంటించుకున్న అక్కలు మనలో ఉండే ఉంటారు. ఆ చిల్లర వెనక నలభై డాలర్ల చేబదులు చేసిన ఒక ఆడమనిషి ఉందని అప్పుడు తెలియదు.

గడువు పెట్టి లక్ష్యం చాటడం అన్నది అమెరికా సొత్తేమీ కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూడింది. పింగళి వెంకయ్యగారు జెండా తెచ్చి ఇచ్చిన సభగా అందరికీ తెలుసు. ఆ సభలోనే ఇంకో తీర్మానం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు, అన్నీ జూన్ 30 లోగా. మూడు నెలల గడువు. ఆ రోజుల్లో కోటి అంటే ఊహకు అందని మాట. గడువుకు కోటి సమకూరింది.

బెజవాడ నుంచి గాంధీగారు కాకినాడ వెళ్లారు. అక్కడ దుర్గాబాయి అనే పన్నెండేళ్లు నిండని పిల్ల ఉంది. తర్వాత ఆంధ్ర మహిళా సభ స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆమే. దేవదాసీ స్త్రీలతోనూ, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలతోనూ గాంధీగారు మాట్లాడాలని ఆమె పట్టు. వాళ్ల కోసం విడిగా సమయం కావాలని నిర్వాహకులను అడిగింది. ఐదు వేల రూపాయల నిధి కూడబెట్టి ఇస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. చిన్నపిల్ల కదా, అంతటితో ఊరుకుంటుంది అనుకున్నారో ఏమో! ఆమె వెళ్లి ఆ స్త్రీలకే చెప్పింది. డబ్బు సంగతి నువ్వు దిగులు పడకు అన్నారు వాళ్లు. ఐదు వేలూ వాళ్లే సమకూర్చారు. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీగారు అరగంటకు పైగా మాట్లాడారు. ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. మొత్తం ఇరవై ఐదు వేల దాకా అయిందని దుర్గాబాయి తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

ఇందులో ఆలోచించాల్సిన మాట ఉంది. అప్పటి ఊరి పెద్దలు పిలవని, పక్కన కూర్చోనివ్వని ఆడవాళ్లు వాళ్లు. వాళ్ల దగ్గర అడిగితే ఏం వస్తుంది అనుకునే వాళ్లే ఎక్కువ. కమిషన్ మీద పనిచేసే మనిషైతే ఆ వీధికి వెళ్లేవాడే కాదు. పెద్ద మేడలు చూసుకుని వెళ్లేవాడు. ఆ పిల్ల వెళ్లింది, ఎందుకంటే ఆమెకు కావలసింది వాళ్లు ఆ సభలో ఉండడం. 1923లో కాకినాడ కాంగ్రెస్‌లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూగారిని ఆపేసిందీ ఈ దుర్గాబాయే. నిర్వాహకులు టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది.

మళ్లీ అమెరికాకు వెళ్దాం, అక్కడి తల్లుల కోసం. పోలియోతో కాళ్లు చచ్చుబడిన రూజ్‌వెల్ట్ ఆ దేశానికి అధ్యక్షుడు. 1938లో ఆయన పోలియో మీద పోరాటానికి ఒక సంస్థ పెట్టించారు. ఎడీ కాంటర్ అనే హాస్యనటుడు రేడియోలో, తలా ఒక డైమ్ అధ్యక్షుడికే పోస్టులో పంపండి అన్నాడు. డైమ్ అంటే పది సెంట్ల నాణెం. అధ్యక్ష భవనానికి ఉత్తరాల సంచులు వచ్చిపడ్డాయి. మామూలు ఉత్తరాలు వెతుక్కోవడం కూడా కష్టమైంది. లెక్కపెడితే 26 లక్షల 80 వేల డైమ్‌లు, అంటే 2 లక్షల 68 వేల డాలర్లు.

1950 జనవరిలో ఫీనిక్స్ నగరంలో తల్లులు ఇంకో పని చేశారు. పోలియో నిధికి ఇవ్వదలచిన వాళ్లు సాయంత్రం ఇంటి ముందు దీపం వెలిగించి ఉంచండి అని ముందే చాటారు. చెప్పిన వేళకు తల్లులు వీధుల్లోకి వచ్చారు. దీపం ఉన్న ఇంటి తలుపే తట్టారు. ఒక్క గంటలో నలభై వేల డాలర్లకు పైగా వచ్చింది. ఇవ్వలేని ఇంటిని ఇబ్బంది పెట్టలేదు, ఇచ్చే ఇంటిని వదల్లేదు. తర్వాతి ఏళ్లలో దేశమంతా తల్లులు ఇలాగే నడిచారు. జోనాస్ సాల్క్ టీకాకు, 1954లో లక్షల మంది పిల్లల మీద జరిగిన దాని పరీక్షకు ఖర్చు పెట్టింది ఈ సంస్థే. టీకా పనిచేస్తుందని 1955లో ప్రకటించారు. పల్స్ పోలియో ఆదివారాల్లో మనం పిల్లల్ని ఎత్తుకెళ్లి వేయించిన చుక్కల మందు ఆల్బర్ట్ సేబిన్ కనిపెట్టింది. ఆయన తొలి పరిశోధనకూ అందులోంచే డబ్బు వెళ్లింది.

ఆ సంస్థలో జీతగాళ్లు ఉండేవారు. ప్రచారం చేసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, ఊరూరా కమిటీలు నిలబెట్టేవాళ్లు. అది తప్పేమీ కాదు. పనికి కూలి ఉండాలి, మన బుక్‌కీపర్‌కు మనం గౌరవ వేతనం ఇవ్వడం లేదా? పేచీ ఎక్కడంటే, ఆ కూలి ఎలా లెక్కగట్టాలన్న దగ్గర.

1935లోనే అమెరికాలో ఈ వృత్తిలో ఉన్న సంస్థలు కలిసి ఒక సంఘం పెట్టుకుని, వచ్చిన విరాళంలో వాటా తీసుకోకూడదు, చేసిన పనికి ముందుగా ఒప్పుకున్న నిర్ణీత రుసుమే తీసుకోవాలి అని కట్టుబాటు చేసుకున్నాయి. 1960లో విరాళాల సేకరణే ఉద్యోగంగా ఉన్నవాళ్లు విడిగా ఇంకో సంఘం పెట్టుకున్నారు. వాళ్ల నియమావళి నేటికీ ఇదే చెప్తోంది. వాటా మీద పనిచేస్తే ఎక్కువ సంపాదించగల వాళ్లే వాటా వద్దన్నారంటే కారణం ఉండాలి కదా.

దాత నూరు రూపాయలు ఇచ్చేది మన పని చూసి. నూరూ ఆ పనికే అనుకుంటాడు. ఇరవై ఇంకొకరి జేబులోకి అని తర్వాత తెలిస్తే మళ్లీ మన ముఖం చూడడు. పోయేది మన పేరు, తెచ్చినవాడు ఇంకో ఊరు చూసుకుంటాడు. ఇంకోటి, ఆ డబ్బు ఆయన మాటకారితనానికి రాలేదు. ఇన్నేళ్లుగా మన అక్కలు వారం వారం కూర్చుని, రూపాయి రూపాయి పొదుపు చేసి, అప్పులు తిరిగి కట్టి సంపాదించిన నమ్మకానికి వచ్చింది. దానిలో వాటా అడగడం అంటే మన పాత కష్టంలో వాటా అడగడమే.

కమిషన్ ఎంత దూరం వెళ్లగలదో ఒక కోర్టు కేసు చెప్తుంది. ఇల్లినాయి రాష్ట్రంలో వియత్నాం యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుల కోసం వియత్‌నౌ అనే సంస్థ ఉండేది. దాని తరఫున ఫోన్లు చేసి విరాళాలు అడగడానికి ఒక కంపెనీతో ఒప్పందం జరిగింది. వచ్చిన ప్రతి డాలరులో 85 సెంట్లు ఫోన్ కంపెనీకి, 15 సెంట్లు సైనికుల సంస్థకు. 1987 నుంచి 1995 వరకు సుమారు 71 లక్షల డాలర్లు వసూలయ్యాయి. అందులో సైనికుల సంస్థకు చేరింది సుమారు పదకొండు లక్షలు. ఫోనులో అడిగినప్పుడు మాత్రం చాలావరకు సైనికులకే పోతుందని కొందరు దాతలకు చెప్పారని ప్రభుత్వం కేసు వేసింది. 2003లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వాటా ఎక్కువైనంత మాత్రాన అది మోసం అనలేం గానీ, డబ్బు ఎటు పోతుందో దాతకు అబద్ధం చెబితే మోసం కేసు నడపవచ్చు అని.

అంటే చట్టం దాతను కొంతవరకే కాపాడుతుంది. ఎవరి పేరు మీద అడుగుతున్నారో ఆ సంస్థ ముందే జాగ్రత్త పడాలి. 85 సెంట్ల ఒప్పందం మీద సంతకం పెట్టింది సైనికుల సంస్థే కదా.

న్యాయంగా చూస్తే రెండో పక్క మాట కూడా ఉంది. పేద సంస్థ దగ్గర జీతం ఇవ్వడానికి డబ్బు ఉండదు. కమిషన్ వాడు "నా కష్టం నాది, వస్తేనే ఇవ్వండి" అంటాడు. అది నిజమైన ఇబ్బందే, తీసిపారేయలేం. కానీ బిసెల్ చేతిలోనూ డబ్బు లేదు. ఆమె నలభై డాలర్లు అప్పు చేసింది, వచ్చాక తీర్చింది. అప్పుకు ఒక హద్దు ఉంటుంది, తీరిపోతుంది. వాటాకు హద్దు ఉండదు, డబ్బు వచ్చినంతకాలం పోతూనే ఉంటుంది. ఈ తేడా మనకంటే బాగా ఎవరికి తెలుసు?

కాబట్టి ఇకమీద ఎవరైనా ఫండ్ తెస్తామని వస్తే ఈసీ మీటింగులో అడగాల్సినవి ఇవి. జీతమా, రుసుమా, వాటానా? ఎన్నాళ్లకు, మొత్తం ఎంత? దాత డబ్బు నేరుగా సమాఖ్య ఖాతాలో పడుతుందా, వాళ్ల ఖాతా ద్వారా వస్తుందా? రసీదు ఎవరు రాస్తారు? మన ఫొటోలు, మన పిల్లల ఫొటోలు ఎక్కడ వాడతారు, మమ్మల్ని అడిగే వాడతారా? విదేశీ డబ్బైతే చట్టం ప్రకారం మనకు అనుమతి ఉందా? జవాబులు నోటి మాటగా వద్దు, కాగితం మీద తీసుకోవాలి. వచ్చిన విరాళానికి విడిగా రిజిస్టరు పెట్టి, పొదుపు పుస్తకంతో కలపకుండా, నెల నెలా గ్రామ సంఘం మీటింగులో చదివి వినిపించాలి. చదవడం రాని అక్క కూడా "ఆ పదివేలు ఏమయ్యాయి?" అని లేచి అడిగేలా.